మూతికీ మాటకూ తేడా వస్తే: డిలే మెనూ ముట్టుకునే ముందు

‘మాట కలుస్తలేదు’ అని బాల్కనీలోంచి కేక వినపడగానే ప్రొజెక్టర్ ఆపరేటర్ చెయ్యి డిలే (మాటను కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసే సెట్టింగ్) మీదికే పోతుంది. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. తేడా మొదటి నుంచీ ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా? పెరుగుతుంటే ఏ డిలే పెట్టినా నిలవదు. ఊళ్లో తీసిన షార్ట్ ఫిల్మ్‌లతో ఇది తరచూ ఎదురవుతుంది: సెకనుకు 25 ఫ్రేముల్లో ఎడిట్ చేసిన బొమ్మను 24కు మార్చి, సౌండ్‌ను అలాగే వదిలేస్తే నిమిషానికి రెండున్నర సెకన్లు జారుతుంది. ఫైలు మళ్లీ చేయించడమే మందు.

తేడా ఒకేలా ఉంటే లెక్క సులువు. 24 ఫ్రేముల సినిమాలో ఒక ఫ్రేము 41.7 మిల్లీసెకన్లు. డీసీపీలో (హాళ్లకు పంపే డిజిటల్ సినిమా ఫైళ్ల ప్యాకేజీ) 48 కిలోహెర్ట్జ్ సౌండ్, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు (సౌండ్ ముక్కలు), ఫ్రేముకు సరిగ్గా 2000. ఫైలు బాగుంటే లోపల జారే సందే లేదు, తేడా బయటే పుడుతుంది.

ఎక్కువమంది మరిచేది హాలు పొడవు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లే పోతుంది. పరకాలలోనో జనగామలోనో ఒక సింగిల్ స్క్రీన్ హాలు ఉందనుకోండి: తెర నుంచి ముందు వరుస 6 మీటర్లు, చివరిది 32. మాట ముందువాళ్లకు 17 మిల్లీసెకన్లకు, వెనకవాళ్లకు 93కు చేరుతుంది. 20 మీటర్ల దగ్గరి సీటుకు 58. ఆ సీటుకు సరిచేస్తే ముందు వరుసకు మాట 41 ముందు, చివరి వరుసకు 35 ఆలస్యం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ఐటీయూ సిఫార్సు బీటీ.1359 ప్రకారం మాట 45 ముందొస్తే కంటపడుతుంది, ఆలస్యమైతే 125 దాకా పసిగట్టలేం. మెరుపు తర్వాత ఉరుముకు అలవాటుపడ్డ చెవులు మనవి. అందుకే నా ఓటు ఎప్పుడూ మధ్య దాటిన సీటుకే.

35 ఎం.ఎం. రీలు మీద మాటను బొమ్మతో కలిపే పని లూపుదే, అంటే ప్రొజెక్టర్‌లో వదులుగా వదిలిన ఫిల్ము వంపుది. ఫిల్ము అంచున ముద్రించిన ఆప్టికల్ సౌండ్ బొమ్మకన్నా 21 ఫ్రేములు ముందు, అంటే సుమారు 40 సెంటీమీటర్లు. బొమ్మ పడే గేటుకూ సౌండ్ చదివే డ్రమ్ముకూ మధ్య లూపు ఒక ఫ్రేము పెద్దదైతే మాట ఒక ఫ్రేము వెనకబడుతుంది.

కొలవడానికి డబ్బింగ్ సినిమా పెట్టకండి, అందులో పెదాలు ఎలాగూ కలవవు. ఫ్లాష్-బీప్ టెస్ట్ క్లిప్ (తెర తెల్లబడిన క్షణానే బీప్ వినిపించేది) వేసి, అనుకున్న సీట్లోంచి ఫోన్‌తో సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీయండి. ఎడిటింగ్ యాప్‌లో తెర తెల్లబడ్డ మొదటి ఫ్రేముకూ, వేవ్‌ఫామ్‌లో (సౌండ్ గీతలో) బీప్ లేచిన చోటుకూ మధ్య ఫ్రేములు లెక్కపెట్టండి, ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. ఫోన్‌కూ సొంత తేడా ఉండొచ్చు, ముందే దాని ఎదుట చప్పట్లు కొట్టి వీడియో తీసి ఆ తేడా కొలవండి, దాన్ని లెక్కలోంచి తీసేయండి.

సౌండ్‌ను స్పీకర్లకు పంచే సౌండ్ ప్రాసెసర్ మాటను ఆలస్యం చేయగలదే తప్ప తనకు ఇంకా అందని మాటను ముందుకు తేలేదు. మాట ఆలస్యంగా వస్తుంటే మొదట అందులో ఎవరో పెట్టిన పాత డిలే ఉందేమో చూసి తగ్గించండి. చాలకపోతే సినిమా ఫైలును ఆడించే సర్వర్‌లోని ఆడియో డిలే చూడండి. కొన్నింటిలో మైనస్ కూడా పడుతుంది, అంటే మాటను ముందుకు జరపొచ్చు. సరౌండ్ (పక్క, వెనక స్పీకర్ల) డిలే మాత్రం దీనికోసం కదపొద్దు. డైలాగ్ వచ్చేది సెంటర్ స్పీకర్ నుంచి.

హాల్లో క్రికెట్ మ్యాచ్ వేసినప్పుడు కథ తిరగబడుతుంది. హెచ్‌డీఎంఐ తీగలో వచ్చే బొమ్మ స్కేలర్‌లో (బొమ్మను తెర సైజుకు మార్చే పెట్టె) ఆగి వస్తుంది, సౌండ్ నేరుగా ప్రాసెసర్‌కు పోయి ముందే పలుకుతుంది. ఇక్కడ ప్రాసెసర్ డిలే పెంచితే సరిపోతుంది. ఆ విలువను మ్యాచ్ ఇన్‌పుట్‌కే విడిగా సేవ్ చేయండి, లేకపోతే మర్నాడు మార్నింగ్ షోకు డైలాగంతా వెనకబడుతుంది.