పెద్దమాంసం కైమాతో క్రీమ్ పాస్తా

క్రీమ్ ఎంత ఎక్కువ పోస్తే పాస్తా అంత కమ్మగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కావలిలో మా ఇంట్లో పెద్దమాంసంతో ఈ వంట చేస్తున్న నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. మాంసం ముందు బాగా వేగాలి, తర్వాత నిదానంగా మెత్తబడాలి, క్రీమ్ మాత్రం చిట్టచివర, మంట ఆపాకే పడాలి. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన క్రీమ్ పోసినా రుచి రాదు.

విదేశీ వంటల కొలతలను ఉన్నవి ఉన్నట్టు పాటిస్తే మన దగ్గర కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషిద్ధం కనుక మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది గేదె లేదా దున్న మాంసం. అది ముదురు ఎరుపుగా ఉంటుంది, కొవ్వు తక్కువ, పీచు గట్టిది. కైమా వేగాక ఊరిన కొవ్వును వంచేయమని విదేశీ వంటల్లో రాస్తారు. మనం మాత్రం ఎదురు రెండు చెంచాల నూనె, ఒక చెంచా వెన్న వేయాలి.

నలుగురికి అర కిలో కైమా, 250 గ్రాముల పాస్తా సరిపోతాయి. వెడల్పు మూకుడు బాగా కాగాక కైమాను పలుచగా పరిచి కాసేపు కదపకుండా వదిలేయాలి. మొదట మాంసం నీరు వదిలి బుసబుసమని ఉడుకుతుంది. ఆ నీరు ఇంకిపోయాక చప్పుడు మారి చిటపటలు మొదలవుతాయి, అడుగున ఎర్రటి పొర కడుతుంది. ఈ వంట రుచికి మూలం ఆ పొరే. అప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయలు, వెల్లుల్లి వేస్తే వాటి తడికి ఆ పొర కరిగి కూరలో కలుస్తుంది. మా అత్తగారు ఏ కైమాకైనా ముందే ఉప్పు, పసుపు పట్టించి పెడతారు. ఈ వంటకు నేను ఉప్పును వేగాకే వేస్తాను, ఎందుకంటే ముందే ఉప్పు కలిపిన కైమా ముద్దగా బిగుసుకుంటుంది.

ఆపైన ఒక టమాటా, దంచిన మిరియాలు, రెండు గ్లాసుల వేడినీళ్లు పోసి, మూతపెట్టి, సన్నని మంటపై దాదాపు ముప్పావుగంట ఉడికించాలి. గట్టి పీచులను కలిపి ఉంచే పదార్థం నిదానపు వేడికే కరిగి జిగురుగా మారుతుంది, పులుసుకు చిక్కదనం తెస్తుంది. తొందరగా కావాలంటే కుక్కర్ వాడవచ్చు.

పాస్తా కొనేటప్పుడు డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసినదేనా అని పొట్లం మీద చూసుకోవాలి. మైదాతో చేసినది త్వరగా మెత్తబడిపోతుంది. రెండున్నర లీటర్ల నీళ్లు తెర్లాక ఉప్పు వేసి, పొట్లం మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే దించాలి. వార్చిన నీళ్లలో ఒక గ్లాసు దాచుకోవాలి. ఆ గంజి నీళ్లే కొవ్వును, పులుసును విడిపోకుండా కలిపి పాస్తాకు పట్టిస్తాయి.

ఇక క్రీమ్. టమాటా పులుపూ ఎక్కువ వేడీ కలిస్తే పాలల్లోని మాంసకృత్తులు గడ్డకట్టి క్రీమ్ విరుగుతుంది. అందుకే మంట ఆపి, ఒక గరిటె వేడి పులుసును క్రీమ్‌లో కలిపి, దాన్ని మెల్లగా మూకుట్లో పోయాలి. డబ్బా క్రీమ్ లేకపోతే గేదెపాల మీగడను పలుకులు లేకుండా చిలికి వాడండి, నాకు అదే ఎక్కువ ఇష్టం. మన ఒంగోలు పశువులు సముద్రం దాటి బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ జాతిగా స్థిరపడ్డాయి. ఆ దేశపు మాంస పరిశ్రమకు ఆధారమైనవి అవే. అక్కడ అన్నంతో తినే స్ట్రోగనోఫ్ అనే మాంసం కూరలోనూ క్రీమ్‌ను చివరనే కలిపి మరగనివ్వరు.

పాస్తాను పులుసులో వేసి, గంజి నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ ఒక నిమిషం కలిపి వెంటనే వడ్డించాలి. నెల్లూరు కారానికి అలవాటుపడిన నాలుకకు చప్పగా అనిపిస్తే పైన మిరియాల పొడి చల్లుకోవచ్చు. ఎండు కారం మాత్రం మీగడ కమ్మదనాన్ని మింగేస్తుంది. మిగిలినది మరునాటికి బిగుసుకుంటుంది కనుక, కాసిని పాలు పోసి సన్నని సెగపై కలుపుతూ వెచ్చచేసుకోవాలి, ఉడకనివ్వకూడదు.