మిద్దెమీది పనికి గుర్తింపు ఎలా వస్తుంది

కడప, రాజంపేట, రాయచోటి వైపుల నుంచి కువైటుకు బయలుదేరే కుర్రవాళ్లకు ఇంట్లో పెద్దలు చెప్పే మాటలు దాదాపు ఒకటే: తల వంచుకుని పని చేసుకో, ఎవరితోనూ తగువు పెట్టుకోకు, ఏ పని చెప్పినా కాదనకు. మొదటి రెండింటికి నేను అడ్డు చెప్పను. మూడోదానితోనే నాకు పేచీ. ఏసీల నిర్వహణ చేసే ఒక కంపెనీలో హెల్పరుగా చేరి, ఇప్పుడు కొందరు టెక్నీషియన్ల పని చూసుకుంటున్న నాకు, ఏ పని చెప్పినా కాదనకుండా ఏళ్ల తరబడి హెల్పర్లుగానే మిగిలిపోయిన మనవాళ్లు చాలామంది తెలుసు. వాళ్లు సోమరులు కారు. నిజానికి వాళ్లలో కొందరు నాకన్నా ఎక్కువ బరువులు మోసినవాళ్లు. వాళ్ల పనిని ఎవరూ చూడలేదు, అంతే.

ఎందుకు చూడలేదో తెలియాలంటే అక్కడి కంపెనీల అమరిక తెలియాలి. మా కంపెనీలో పైన కువైటీ యజమాని, ఆయన కింద ఈజిప్టు ఇంజినీరు, స్టోరులోనూ ఆఫీసులోనూ మలయాళీలు, మిద్దెల మీద ఉండే ఏసీ యంత్రాల దగ్గర మనవాళ్లు, నేపాలీలు, బంగ్లాదేశీయులు. ఇలాంటి కంపెనీలు అక్కడ చాలా ఉన్నాయి. ముహందిస్ అని మేము పిలిచే ఆ ఇంజినీరు ఎండాకాలంలో మిద్దె ఎక్కడు. కువైటు వాయవ్యాన ఉన్న మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైందని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది; అలాంటి దేశంలో మిద్దెమీద నాలుగు మోటార్ల మధ్య నిలబడి ఎవరు ఎలా పనిచేస్తున్నారో పరిశీలించే ఓపిక ఏ అధికారికీ ఉండదు. ఆయనకు తెలిసేదంతా బల్లమీదికి వచ్చే కాగితమే: ఏ భవనం నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో ఒకే యంత్రం మీద మళ్లీ మళ్లీ వచ్చినవి ఎన్ని, దానికి ముందు ఎవరు వెళ్లారు. కాబట్టి మనం ఎంత చెమటోడ్చామన్నది ఆయన దాకా చేరదు. మనం వెళ్లి వచ్చిన యంత్రం గురించి మళ్లీ ఫోను వచ్చిందా లేదా అన్నది మాత్రం తప్పకుండా చేరుతుంది.

ఈ సంగతిని మాలో అందరికన్నా ముందు గ్రహించినవాడు పుల్లంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన ఏ యంత్రం తెరిచినా, మూత బిగించే ముందు దాని లోపలి వైపు మార్కరుతో తేదీ వేసి, కంప్రెసరు ఎన్ని ఆంపియర్ల కరెంటు లాగుతోందో, మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటరు కొలిస్తే ఎంత చూపుతోందో, ఏ భాగం మార్చాడో రెండు వరుసల్లో రాసేవాడు. తోటివాళ్లు నవ్వేవాళ్లు. "ఏం న్నా, రాత పనికొచ్చినావా, రిపేరు పనికొచ్చినావా?" అని ఒకడు అడిగితే, "రేపు నువ్వే వచ్చి చూస్తావు లేబ్బీ, అప్పుడు నాకు మొక్కుకుంటావు" అన్నాడట. ఆ రాతవల్ల జరిగేదేమిటో యంత్రం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 50 మైక్రోఫారడ్లని రాసి ఉన్న కెపాసిటరు మార్చి నెలలో 47 చూపించి, మే నెలలో 41కి దిగిపోతే, అది జూలైలో ఏదో ఒక మధ్యాహ్నం చచ్చిపోతుందని ముందే చెప్పవచ్చు. ఒకసారి చూసినవాడికి ఆ పతనం కనబడదు. ముందటి అంకె పక్కనే ఉన్నవాడికి కనబడుతుంది. ఆయన కెపాసిటరును మే నెలలోనే మార్చేసేవాడు, జూలైలో ఆ భవనం హారిస్, అంటే కాపలాదారు నుంచి ఆఫీసుకు ఫోను వచ్చేది కాదు.

గ్యాసు విషయం ఇంకా ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే మన కుర్రవాళ్లు ఎక్కువగా చెడ్డపేరు తెచ్చుకునేది అక్కడే. గది చల్లబడటం లేదని ఫిర్యాదు రాగానే సిలిండరు భుజాన వేసుకుని మిద్దె ఎక్కడం అందరికీ అలవాటు. కువైటులో తూజ్ అనే దుమ్ముగాలి లేచిందంటే ఫిల్టర్లు, బయటి కాయిళ్లు ఒక్కరోజులో మూసుకుపోతాయి. ఫిల్టరు మూసుకుపోతే లోపలి కాయిలు మీద గాలి ఆడక మంచు గడుతుంది, చూసేవాడికి గ్యాసు తగ్గినట్టే ఉంటుంది. గ్యాసు సరిగానే ఉన్న యంత్రానికి ఇంకా ఎక్కిస్తే ఆ పూటకు కాస్త చల్లబడినట్టు అనిపించినా, కంప్రెసరు మీద భారం పెరిగి కొన్నాళ్లకు అది కాలిపోతుంది. అప్పుడు పోయేది కెపాసిటరు ఖరీదు కాదు, యంత్రంలో అన్నింటికన్నా ఖరీదైన భాగం. పైగా పాత యంత్రాల్లోని ఆర్-22 గ్యాసు వేరు, కొత్తవాటిలోని ఆర్-410ఏ వేరు. రెండోది రెండు వాయువుల మిశ్రమం గనుక సిలిండరు నుంచి దాన్ని ద్రవరూపంలోనే తీసుకోవాలి, దాని పీడనం కూడా చాలా ఎక్కువ. ముందు ఫిల్టరు చూసి, తరువాత కాయిలు కడిగి, తరువాత ఆంపియర్లు కొలిచి, ఇంకా తేడా ఉంటేనే గ్యాసు జోలికి వెళ్లేవాడు స్టోరులో తక్కువ సిలిండర్లు తీసుకుంటాడు. ఆ లెక్క కూడా బల్లమీదికి వెళుతుంది. మా స్టోరు చూసే మలయాళీ (చేటా, అంటే అన్న అని పిలుస్తాం) ఒకసారి ఇంజినీరు దగ్గర ఈ మాటే ఎత్తినప్పుడు, పుల్లంపేట పెద్దాయనకు వ్యానూ ఇద్దరు హెల్పర్లూ వచ్చాయి. ఆయన అడగలేదు, ఎవరినీ కాకా పట్టలేదు.

భాష గురించి ఒక మాట. కడప బజారులో పెరిగినవాడికి ఇంట్లో తెలుగే మాట్లాడినా ఉర్దూ చెవిన పడకుండా ఉండదు. ఆ అరకొర ఉర్దూ అక్కడ పెద్ద ఆస్తి, ఎందుకంటే నేపాలీతో, పాకిస్తానీతో, బంగ్లాదేశీతో మాట్లాడేది దాదాపు ఆ భాషలోనే. దానికి ఒక వంద అరబ్బీ మాటలు కలిపితే హారిస్‌తోనూ ఇంటావిడతోనూ నేరుగా మాట్లాడవచ్చు. "మాఫీ ముష్కిల్", "బుక్రా" అన్న రెండింటితోనే ఏళ్లు గడిపేవాళ్లను చూస్తే నాకు జాలి కలుగుతుంది. సమస్య లేదు, రేపు వస్తాను అని చెప్పడం తప్ప, ఏం చెడిందో చెప్పలేనివాడిని ఎవరూ టెక్నీషియన్ అనుకోరు.

ఇక కాదనకపోవడం గురించి. మంచివాడని పేరు వచ్చినవాడికి మొదట దక్కేది జీతం కాదు, ఇతరుల పని. సెలవు రోజు ముదీర్ గారి, అంటే మేనేజరు గారి బంధువు ఇంట్లో ఏసీ చూడాలి, తోటివాడు నిద్రలేవకపోతే అతని కాల్ తీసుకోవాలి, స్టోరు సర్దాలి. ఇవన్నీ నవ్వుతూ చేస్తే జీతం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు, నేను ఒక్కచోట కూడా అలా జరగడం చూడలేదు. అలాగని మొహంమీద కాదంటే ఆ పేరూ పోతుంది. నేను చూసినంతలో పనిచేసే పద్ధతి ఒకటుంది. "చేస్తాను సార్, ఇప్పుడు నా చేతిలో సాల్మియాలో రెండు, ఫర్వానియాలో ఒకటి ఉన్నాయి, వీటిలో దేన్ని రేపటికి జరపమంటారు?" అని అడగటం. ఇందులో అవిధేయత లేదు, కానీ మన సమయానికి లెక్క ఉందన్న సంగతి ఎదుటివాడికి తెలుస్తుంది. చాలాసార్లు ఆ బంధువు ఇంటి ఏసీయే రేపటికి జరిగిపోతుంది.

మనసు చెడకుండా ఉండటం దీనికన్నా కష్టం. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పనిచేయించరాదని అక్కడి ప్రభుత్వ నిబంధన. అందువల్ల మా పని తెల్లవారుజామునా, మళ్లీ సాయంత్రమూ జరుగుతుంది. మధ్యలో ఆ అయిదు గంటలు గదిలో ఆరుగురం. చాలామంది మనసు చెడేది మిద్దె మీద కాదు, ఆ గదిలో. కంపెనీ మీద, ముదీర్ మీద, వీసా ఇప్పించిన ఏజెంటు మీద మాటలు మొదలైతే ఇక నిద్ర పట్టదు. సాయంత్రం పనికి వెళ్లేసరికి అందరి మొహాలూ వాడిపోయి ఉంటాయి. ఆ మాటల్లో చాలావరకు నిజమే ఉంటుందని కూడా ఒప్పుకోవాలి. ఓవర్‌టైము లెక్క తగ్గిందంటే తగ్గినట్టే. అయితే గదిలో ఎంత గట్టిగా అన్నా అది ఆఫీసుకు వినబడదు. మా గదిలో పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి ప్రకారం, డబ్బుకూ గంటలకూ సంబంధించిన తగాదా ఏదైనా ఉంటే తేదీతో నోటుబుక్కులో రాసి నెలాఖరున ఆఫీసుకు తీసుకువెళ్లాలి, మిగతా గొణుగుడు మధ్యాహ్నం నిద్ర వేళ వద్దు. ఇది గొప్ప తాత్విక విషయమేమీ కాదు. ఎనిమిది గంటల పనికి, వారానికి 48 గంటలకు అక్కడి 2010 నాటి ఆరో నంబరు కార్మిక చట్టం పరిమితి పెట్టింది గనుక, రాసిపెట్టుకున్నవాడికి మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

ఇంటికి ఫోను చేసే వేళను కూడా మార్చుకోవాలంటాను. కడపలో గడియారం కువైటు కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 9కి పని ముగించుకుని ఫోను చేస్తే అక్కడ 11:30 అయి ఉంటుంది. ఇంట్లోవాళ్లు నిద్రమత్తులో ఉంటారు, ఆ వేళప్పుడు నోటికి వచ్చేవి అప్పు, వడ్డీ, ఎండిన బోరు, చెనిక్కాయ పంటకు పడని వాన. విన్నవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు, చెప్పినవాళ్లకూ ఉండదు. అదే మనం తెల్లవారి 5:30కి చేస్తే అక్కడ 8 గంటలు. పిల్లలు బడికి తయారవుతుంటారు, మాటలు వేరే రకంగా ఉంటాయి. అప్పుల సంగతి మాట్లాడుకోవడానికి శుక్రవారం ఎలాగూ ఉంది. అలాగే, తాగే ప్రతి టీకీ దీనారును రూపాయల్లోకి మార్చి లెక్క వేయడం మొదటి ఏడాదితో మానుకోవాలి. కడుపు మాడ్చుకుని పంపిన డబ్బు ఇంట్లో ఎవరికీ తెలియదు, మిద్దెమీద కళ్లు తిరగడం మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా షూన్ వీసా మీద, అంటే కంపెనీ పనిలో ఉన్నవాళ్లకు. ఖాదిం వీసా మీద ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు ఈ సలహాలు ఇవ్వడానికి నాకు నోరు రాదు. నాలుగు గోడల మధ్య ఒక్క కుటుంబం ఎదుట పనిచేసే మనిషి ఎవరి కంట పడాలి? అక్కడ మంచిపేరు వచ్చిన కొద్దీ యజమానురాలి అక్క ఇంటి పని కూడా మీద పడుతుంది. జీతం ఆగిపోయిన మనిషికి ధైర్యంగా ఉండు, నవ్వుతూ ఉండు అని చెప్పడం నా దృష్టిలో అన్యాయం. ఆమెకు కావలసింది సమాచారం. ఇంటి పనివాళ్ల కోసం కువైటులో 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, పని ముగించి వెళ్లేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కకట్టాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. ఇవి అన్ని ఇళ్లలోనూ జరుగుతున్నాయని నేను అనను. బయలుదేరే ముందే వీటిని తెలుగులో కాగితం మీద రాయించుకుని, కువైటులో దయ్యా అనే ప్రాంతంలో ఉన్న మన రాయబార కార్యాలయం ఫోను నంబరుతో పాటు సంచిలో పెట్టుకుంటే, అవసరం పడిన రోజున ఎవరిని అడగాలో తెలుస్తుంది.

కంపెనీ పనివాళ్ల విషయానికి తిరిగి వస్తే, అక్కడ సంపాదించిన గుర్తింపు అక్కడే ఉండిపోవడం పెద్ద నష్టం. కడప ఏడు రోడ్ల దగ్గర ఏసీ దుకాణానికి వెళ్లి నేను కువైటులో పదేళ్లు చేశాను అంటే, ఏ యంత్రాల మీద చేశావు అని అడుగుతారు. పని వదిలేటప్పుడు ఎంతకాలం ఏ హోదాలో పనిచేశామో తెలిపే ధ్రువపత్రం అడిగి తీసుకునే హక్కు కార్మిక చట్టమే ఇచ్చింది. చాలామంది చివరి లెక్క డబ్బు చేతికి రాగానే సంతకం పెట్టి విమానం ఎక్కేస్తారు. ఆ పత్రంలో ఉత్తినే "టెక్నీషియన్" అని కాక, ప్యాకేజీ యూనిట్లు, చిల్లర్లు, డక్టు పని అని విడివిడిగా రాయించుకోవాలి. ముహందిస్ దానికి ఒప్పుకుంటాడా లేదా అన్నది, అన్నేళ్లు ఆయన బల్లమీదికి మన పేరుతో వెళ్లిన కాగితాలను బట్టి ఉంటుంది. పుల్లంపేట పెద్దాయన పత్రం రెండు పేజీలు వచ్చింది. ఆయన చెప్పింది చెప్పినట్టుగా ఇంజినీరు టైపు చేయించాడు.