పాలు పడనివారి మాత్ర

నాకు పాలు పడవన్న సంగతి నలభై ఏళ్లు దాటిన తరువాత గాని తెలియలేదు. కాఫీలో కలిసే కొద్దిపాటి పాలతో ఇబ్బంది లేదు గాని, గ్లాసెడు పాలు తాగినా, రెండు కోవా బిళ్లలు తిన్నా, గంట రెండు గంటల్లో కడుపు ఉబ్బి విరేచనాలు మొదలయ్యేవి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను చిన్నపేగులో ఉండే లాక్టేజ్ ఎంజైము గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా విడగొడుతుంది. బాల్యం దాటాక చాలామందిలో ఈ ఎంజైము తగ్గిపోవడం వల్ల, అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి, నీటిని లాగి, అక్కడి బాక్టీరియాకు మేతయి వాయువులను పుట్టిస్తుంది.

మందుల దుకాణంలో దొరికే లాక్టేజ్ మాత్ర ఆ లోటును ఆ పూటకు మాత్రమే తీరుస్తుంది. ఒక పెళ్లి విందులో పాలకోవా, ఐస్‌క్రీము తిని, ఇంటికి వచ్చి కడుపు గుడగుడలాడుతున్నప్పుడు మాత్ర వేసుకొని, ఇది దండగమారి సరుకని నేను తీర్మానించాను. తప్పు మాత్రది కాదు. అది లాక్టోజ్‌తో పాటే పొట్టలోకి వెళ్లాలి గనుక తొలి ముద్దతోనే వేసుకోవాలి. మోతాదు కూడా చూసుకోవాలి. దీని బలాన్ని ఎఫ్‌సీసీ (ఫుడ్ కెమికల్స్ కోడెక్స్ అనే ఆహార పదార్థాల ప్రమాణ గ్రంథం) యూనిట్లలో కొలుస్తారు. లాక్టోజ్ ఉన్న ప్రతి భోజనంతోనూ కనీసం 4,500 యూనిట్లు ఉండాలన్నది ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పిన లెక్క. 100 మిల్లీలీటర్ల పాలలో లాక్టోజ్ సుమారు 5 గ్రాములు. పాలను ఇగిర్చి చేసే కోవాలో అది మరింత చిక్కబడుతుంది కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

పెరుగన్నానికి నేను మాత్ర వేసుకోను. తోడుతో చేరిన బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే పులియబెడుతుంది. నేతిలోనైతే అది దాదాపు ఉండదు. పాల మాంసకృత్తులు పడక దద్దుర్లో ఆయాసమో వచ్చేవారి సమస్య వేరు, వారికి ఈ మాత్ర ఏమాత్రం రక్షణ కాదు.

పాలలో వేసే లాక్టేజ్ చుక్కలు కూడా ఉన్నాయి. మరుగుతున్న పాలలో వేస్తే వేడికి ఎంజైము చెడిపోతుంది. అందుకే కాచి చల్లార్చిన పాలలో కలిపి, ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. విడిపోయిన చక్కెరలు లాక్టోజ్ కంటే తియ్యన గనుక, ఆ పాలతో కలిపిన కాఫీకి పంచదార అర చెంచా తగ్గించినా సరిపోతోంది.