యాభై శాతం తేమ

బ్యాక్టీరియాతో సెల్యులోజ్ (మొక్కల్లో ఉండే పీచు పదార్థం) పెంచి, ప్లాస్టిక్ కవర్‌కు బదులు పనికొచ్చే ఫిల్మ్ తయారుచేయడం, దాన్ని పరీక్షించడం ఫిన్లాండ్‌లోని ఎస్పోలో నా ఉద్యోగం. దేశం నిండా అడవులే. చెట్ల గుజ్జు ఇంత దొరికే చోట సూక్ష్మజీవులను బతిమాలడం ఎందుకని ఇక్కడివాళ్లే అడుగుతారు. చెట్టులో సెల్యులోజ్‌తోపాటు లిగ్నిన్, హెమిసెల్యులోజ్ అనే వేరే పదార్థాలు కూడా కలిసి ఉంటాయి, వాటిని విడదీయడమే పెద్ద పని. మేం పెంచే బ్యాక్టీరియా కొమగాటైబ్యాక్టర్‌కు ఆ గొడవ లేదు, చక్కెర తిని ఉత్త సెల్యులోజ్‌ను బయటికి వదులుతుంది.

గ్లూకోజ్, బ్యాక్టీరియాకు మేతగా పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపిన ద్రవాన్ని ట్రేలో పోసి, 30 డిగ్రీల దగ్గర కదపకుండా ఉంచితే, గాలి తగిలే పైభాగాన పాలమీద మీగడలా పొర కడుతుంది. చేత్తో ఎత్తితే జారిపోతుంది. అందులో దాదాపు 99 శాతం నీళ్లే మరి. ఆ పులిసిన వాసన గ్లవ్స్ తీసినా ఓ పట్టాన వదలదు. పలచటి సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) ద్రావణంలో వేడిచేస్తే బ్యాక్టీరియా చచ్చి, మట్టిరంగు పోయి, పొర తెల్లబడుతుంది. కడిగి, ప్రెస్‌లో ఆరబెడితే పలచటి ఫిల్మ్ మిగులుతుంది.

అసలు తిప్పలు అక్కడినుంచే. వట్టిగా ఆరిన ఫిల్మ్ గట్టిదే కానీ మడిస్తే విరుగుతుంది. గ్లిసరాల్ అనే చిక్కటి ద్రవం కలిపితే మెత్తబడుతుంది, కానీ గాలిలో తేమనంతా లాగేసుకుంటుంది. అందుకే ముక్కలను ముందు 23 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో ఉంచి, తర్వాతే ఎంత బలానికి తెగుతాయో చూడటానికి మెషిన్‌లో బిగించి లాగుతాం. మధ్యలో తెగితే లెక్కలోకి వస్తుంది, బిగించిన చోట తెగితే ఆ ముక్క దండగ.

పరకాల దగ్గర పత్తి పండించే బాపుకు ఇదంతా ఫోన్‌లో చెబితే ఒకటే అడిగాడు: "మరి వానకాలం మనకాడ ఏమైతది బిడ్డా?"

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తిలోకి మీటర్ గుచ్చి తేమ చూస్తారు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐకి 8 నుంచి 12 శాతం లోపు ఉండాలి, అది దాటితే కొనరు. పత్తి కూడా 90 శాతానికి పైగా సెల్యులోజే. తేమతో అది ఏం చేస్తుందో బాపుకు గ్రాఫ్ గీసి చూపాల్సిన పనిలేదు. శ్రావణమాసంలో వరంగల్‌లో ఏ కిరాణాకొట్టు లోపల 50 శాతం తేమ ఉంటుంది? మా బాస్‌ను ఒప్పించి 85 శాతం తేమలో పరీక్ష కూడా చేర్పించాను.

కంపెనీలవాళ్లు వస్తే ప్లాస్టిక్‌లా గింజలుగా ఇస్తారా, కరిగించి అచ్చు పోస్తామంటారు. సెల్యులోజ్ వేడికి కరగదు, అంతకన్నా ముందే మాడుతుంది. కరగాలంటే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే రసాయనంతో సెల్యులోజ్ ఎసిటేట్‌గా మార్చాలి, అప్పుడు మట్టిలో కుళ్లడం నెమ్మదిస్తుంది. నన్నడిగితే మా ఫిల్మ్‌తో కూరగాయల సంచి కుదరదు, పొడి సరుకుల ప్యాకింగ్‌కు పనికొస్తుంది. గాయాల పట్టీగా ఎలాగూ వాడుతున్నారు.

ప్రాజెక్టు డబ్బు ఉన్నంతకాలమే ఉద్యోగం, ఉద్యోగాన్ని బట్టే ఇక్కడ ఉండే పర్మిట్. ఆ టెన్షన్ ఫోన్‌లో చెప్పను. 85 శాతం తేమలో గ్లిసరాల్ తక్కువ వేసిన ముక్కలు కాస్త తట్టుకున్నాయి, ఎక్కువ వేసినవి లాగీలాగకముందే సాగిపోయాయి. ప్రాజెక్టు పొడిగింపు దరఖాస్తులో ఆ పట్టికనే మొదటి పేజీలో పెడుతున్నాం.