అమెరికా కాలేజీ దరఖాస్తు: అన్నీ వచ్చిన పిల్లా, ఒక్కదాన్నే పట్టుకున్న పిల్లా?

ఎంసెట్ రాసి, వచ్చిన ర్యాంకుకు ఏ కాలేజీ దొరికితే అందులో చేరిన తరం నాది. న్యూజెర్సీలో పెరిగిన మా అమ్మాయి 2024లో కాలేజీలకు దరఖాస్తు చేస్తున్నప్పుడు, పేరున్న విశ్వవిద్యాలయాలు అన్నింటిలో కాస్త ప్రవేశమున్న పిల్లలను ఇష్టపడతాయా, ఒకే విషయంలో లోతుకు దిగిన వారిని ఇష్టపడతాయా అన్న చర్చ మా ఇంట్లో నెలల తరబడి నడిచింది. ఇక్కడి తెలుగువాళ్ళ విందుల్లో దీనిపై ఎవరి సిద్ధాంతం వారిదే.

మేము సంప్రదించిన ఒక సలహాదారు "స్పైక్ (ఒకే విషయంలో కొట్టొచ్చినట్టు కనిపించే ప్రతిభ) లేకపోతే కష్టమండీ" అని తేల్చి, డబ్బు కట్టి చేరే ఒక వేసవి పరిశోధన కార్యక్రమాన్ని సూచించారు. మా అమ్మాయికి దేనిమీద ఆసక్తి ఉండాలో కూడా ఆయనే నిర్ణయించి పెట్టారు. అది నాకు బొత్తిగా నచ్చలేదు.

అసలు సంగతి దరఖాస్తు ఫారం ముందు కూర్చున్నాక తెలిసింది. ఒకే ఫారంతో చాలా కాలేజీలకు దరఖాస్తు చేసుకునే కామన్ యాప్‌లో చదువేతర కార్యక్రమాలకు పది గడులుంటాయి. ఒక్కో దాని వివరణ ఖాళీలతో సహా 150 అక్షరాలకు మించకూడదు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్న రెండు అంకెలు కూడా వేయాలి. వయొలిన్, ఈత, డిబేట్ అని గడులు నింపడం సులభమే గాని, తొమ్మిదో తరగతిలోనే మానేసిన వయొలిన్ ఆ అంకెల దగ్గర దొరికిపోతుంది. ఎంఐటీకి వేరే ఫారం ఉంది. అందులో నాలుగే కార్యక్రమాలు అడుగుతారు.

మా అమ్మాయి జాబితాలో మొదటి స్థానం వానకు దక్కింది. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను శేషం మా రాష్ట్రాన్ని ముంచెత్తిన తర్వాత, ఆమె కోకోరాస్ అనే స్వచ్ఛంద వర్షపాత నమోదు బృందంలో చేరి పెరట్లో నాలుగంగుళాల వర్షమాపకం బిగించింది. ఉదయం ఏడింటికి అంగుళంలో నూరో వంతు దాకా కొలిచి రాయాలి. చుక్క పడని రోజున సున్నా వేయాలి, ఎందుకంటే ఖాళీగా వదిలితే వాన లేదో, చూసినవారు లేరో తెలియదు. మంచు పడితే గరాటును, లోపలి గొట్టాన్ని ముందే తీసేసి, బయటి గొట్టంలో చేరిన మంచును కరిగించి కొలవాలి. రెండో స్థానం కూచిపూడిది; దానికీ వాతావరణానికీ సంబంధం లేకపోయినా, ఏళ్ళ తరబడి చేస్తున్నది కాబట్టి తీసేయడానికి ఆమె ఒప్పుకోలేదు. డిబేట్ కింద ఎక్కడో మిగిలింది.

అయితే ఒకటే పట్టుకుంటే చాలుననీ కాదు. ఇంగ్లిషు, గణితం, సైన్సు, చరిత్ర, విదేశీ భాష అన్నింటిలోనూ మంచి గ్రేడ్లు ఉండితీరాలి. స్పానిష్‌లో జారితే వర్షమాపకం అడ్డుపడదు. ప్రవేశాల విధానం మీద హార్వర్డ్‌పై వేసిన దావాపై 2018లో బోస్టన్‌లో జరిగిన కోర్టు విచారణలో, అక్కడ దరఖాస్తుదారులకు చదువు, ఇతర కార్యక్రమాలు, ఆటలు, వ్యక్తిత్వం అంటూ విడివిడిగా అంకెలు వేస్తారని, అందులో 1 అంటే అత్యుత్తమమని బయటపడింది. నేను గ్రహించినంతలో, వారు అన్ని వైపులా నిండుగా ఉండాలని కోరేది ఒక్కో పిల్లను కాదు, ఆ ఏడాది చేరే మొత్తం తరగతిని. దానికి ఒక వానపిల్ల, ఒక బాకా వాయించేవాడు, ఒక పరుగుపందెగాడు కలిస్తే చాలు.

మా అమ్మాయి ఎంచుకున్న కార్నెల్ విశ్వవిద్యాలయంలో, దాని కింద ఉన్న ఏ కళాశాలకో ముందే ఎంచుకోవాలి. వ్యవసాయ, జీవశాస్త్రాల కళాశాలలో వాతావరణ శాస్త్రం ఉంది, ఆ విషయమే ఎందుకో వ్యాసం రాయాలి. ఆమె ఆ వ్యాసంలో ఐడా గురించి కాక సున్నాల గురించి రాసింది. నవంబరు 1 గడువుకు ఎర్లీ డెసిషన్ కింద పంపాం. సీటిస్తే చేరి తీరాలన్న షరతు ఉంది కనుక ఖర్చు లెక్కలు ముందే చూసుకున్నాం. డిసెంబరులో సీటు వచ్చింది.

ఆ తర్వాత తెలిసినవాళ్ళు కొందరు ఫోన్ చేసి వర్షమాపకం ఎక్కడ కొన్నారని అడిగారు. చెప్పాను, ఉదయం ఏడింటికి లేవాలన్న సంగతి కూడా చెప్పాను.