శుభలేఖలు, బాబాయి స్టేజీలు

చెల్లి పెళ్ళి పన్నెండు రోజుల్లోకి వచ్చేసింది. మా బెజవాడ ఊళ్ళో వాళ్ళకి ఇవ్వాల్సిన కార్డులు ఇంకా ఇరవై ఆరు. రాత్రి కూర్చుని పిన్‌కోడ్ ప్రకారం కట్టలు కట్టి, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు వేసి మరీ పెట్టాను. పొద్దున్నే బాబాయి వచ్చాడు, కాఫీ తాగుతూ ఆ కట్టలన్నీ విప్పేసి పేకముక్కల్లా కలిపి మళ్ళీ పేర్చాడు. "పిన్‌కోడ్‌లో పోతే పటమట నుంచి వన్‌టౌన్‌కి నాలుగు సార్లు తిరుగుతావమ్మా, స్టేజీల లెక్కన పోదాం" అన్నాడు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన జేబులో చీటీ చూస్తే ఒక్క ఇంటి నంబరూ లేదు, అన్నీ స్టేజీ పేర్లే. పాలీక్లినిక్ రోడ్డు ముగ్గురు, నక్కల రోడ్డు ఇద్దరు, అలంకార్ నలుగురు, పడవల రేవు ఒకరు.

నేను స్కూటీ నడపడం, ఆయన వెనక కూర్చుని దారి చెప్పడం. బెంజి సర్కిల్ దాటుతుంటే, ఇక్కడ కాకాని వెంకటరత్నం గారి విగ్రహం ఉండేదనీ, జై ఆంధ్ర ఉద్యమం నడిపిన మనిషనీ, 1972లో ఆ గొడవల్లోనే పోయారనీ చెప్పాడు. సర్కిల్‌కి ఆయన పేరు పెట్టి చూశారట, "నేను కూడా రెండు రోజులు కాకాని సర్కిల్ అని అరిచాను, ఒక్కడు దిగితే ఒట్టు" అని నవ్వాడు. మూడో రోజు మామూలుగా బెంజి బెంజి అనేసరికి సగం బస్సు ఖాళీ అయిందట. ఇందులో కొంత ఆయన సొంత మసాలా ఉండే ఉంటుంది.

బందరు రోడ్డులో అన్ని షాపుల బోర్డుల మీదా ఎం.జి. రోడ్డు అనే ఉంటుంది. ఎవరైనా అలా పిలవగా నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గాంధీగారి మీద కోపమేం కాదు, ఆ రోడ్డు బందరు పోతుంది కాబట్టి బందరు రోడ్డు, అంతే. బందరు అన్న మాటే పారశీకంలో రేవు అని ఎక్కడో చదివాను. అంటే అసలు ఊరి పేరు మచిలీపట్నం, దాని రేవుని పట్టుకుని ఊరిని పిలిచారు, ఆ పిలుపుని పట్టుకుని డెబ్బై కిలోమీటర్ల ఇవతల మా రోడ్డుని పిలుస్తున్నాం. అదే రోడ్డు మీద విక్టోరియా రాణి జూబిలీ పేరుతో కట్టిన మ్యూజియం ఇప్పుడు బాపు మ్యూజియం. 1921లో పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా చూపించింది ఈ బెజవాడలోనే కదా, అందుకని దానికి ఆ పేరు నప్పింది అనుకున్నాను. బాబాయి మాత్రం ఇంకా "విక్టోరియా" అంటున్నాడు.

నక్కల రోడ్డులో ఇప్పుడు నక్కల్లేవు, అడుగడుక్కీ ఆసుపత్రులే. దాని మీద బాబాయి వేసిన జోకు ఇక్కడ రాయను, మా డాక్టరు గారికి కూడా కార్డిచ్చి వచ్చాం మరి.

బీసెంట్ రోడ్డు దగ్గర స్కూటీ ఆపి నడిచాం. లండన్‌లో పుట్టి ఇక్కడికొచ్చి హోంరూల్ అని పోరాడి, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలైన అనిబిసెంట్ పేరున్న రోడ్డులో నేను ఈ రోజు కొన్నవి మూడు డజన్ల సేఫ్టీ పిన్నులు, చెల్లికి రెండు నైటీలు. నైటీలమ్మే అబ్బాయి నూట యాభైకి తగ్గనంటే తగ్గనన్నాడు.

అక్కణ్ణుంచి ఏలూరు రోడ్డెక్కి లెనిన్ సెంటర్. పాత పుస్తకాల కొట్ల ముందు పోటీ పరీక్షల గైడ్లు నా నడుమెత్తు పేర్చి ఉన్నాయి, వాటిని చూసుకుంటూ లెనిన్ విగ్రహం. ఏలూరు రోడ్డు అసలు పేరు కారల్ మార్క్స్ రోడ్డు. 1981లో ఊరు కార్పొరేషన్ అయితే తొలి మేయరు కమ్యూనిస్టు, కాబట్టి మార్క్స్, లెనిన్ ఇక్కడికి రావడంలో వింత లేదు. లెనిన్ నిలబడ్డాడు, మార్క్స్ నిలబడలేదు. ఎందుకో అడిగితే బాబాయి, లెనిన్ విగ్రహం కళ్ళకి కనబడుతుంది కాబట్టి దిగేవాడికి గుర్తుంటుందన్నాడు. రోడ్డుకి పేరు పెడితే బోర్డు కావాలి, బోర్డు చదివేవాడు బస్సెక్కడట. కాళేశ్వరరావు మార్కెట్ కూడా అలాగే నిలబడిందన్నాడు. అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొదటి స్పీకరని ఎంతమందికి తెలుసో గానీ, మార్కెట్ మాత్రం అందరికీ తెలుసు.

వన్‌టౌన్ పూర్తి చేసుకుని వస్తుంటే చుట్టుగుంట దగ్గర వెనక టైరు పంక్చర్. స్కూటీని కొట్టులో వదిలి ఆటో మాట్లాడుతూ, సరదాకి "కారల్ మార్క్స్ రోడ్డు వస్తావా" అనడిగాను. అబ్బాయి సీరియస్‌గా ఆలోచించి "కండ్రిక వైపు కొత్త వెంచరా అక్కా?" అన్నాడు. మేం నిలబడి ఉన్నదే ఆ రోడ్డు మీద.

ఆ ఆటోలోనే వాంబే కాలనీకి, మా జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి. చిన్నప్పుడు దాన్ని బాంబే కాలనీ అనుకునేదాన్ని. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అని కేంద్రం ఇళ్ళ పథకం, దాని ఇంగ్లీషు పొడి అక్షరాలన్నీ కలిపేసి పిలిస్తే వాంబే అయింది. ఆదికవీ అంబేద్కరూ కలిసి రెండక్షరాల్లో సర్దుకున్నారు.

చివరిది గుణదల, పడవల రేవు. కార్లూ లారీలూ తప్ప ఇంకేం లేవు. ఏలూరు కాలువ మీద సరుకుల పడవలు నడిచిన రోజుల్లో ఇటు నుంచి కాకినాడ, అటు కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోయేవి. అక్కడ బాబాయికి వరసకి అత్తయ్య. కళ్ళజోడు పెట్టుకుని, పసుపు పెట్టిన మూలలు వేళ్ళకి అంటుతుంటే కార్డు దగ్గరగా పట్టుకుని ఒక్కో అక్షరం చదివి, "కల్యాణ మండపం ఎక్కడే? ఎం.జి. రోడ్డంటే హైదరాబాదా?" అంది.

ఆ అడ్రసు టైపు చేసింది నేనే, ఫోన్‌లో మ్యాప్ నుంచి ఉన్నదున్నట్టు దించేశాను. బాబాయి నా వైపు చూడకుండా జేబులోంచి పెన్ను తీసి, ఆవిడ కార్డు మీద ఎం.జి. కొట్టేసి బందరు అని రాశాడు. సంచిలో ఇంకో ఆరు మిగిలాయి, రేపు ఇవ్వాల్సినవి, వాటి మీద కూడా రాశాడు. ఇచ్చేసిన పంతొమ్మిది మందికీ రాత్రి నేను ఫోన్లు చేశాను. పదకొండో ఆయన "ఆ, అదేమిటా అని మేమూ అనుకున్నాంలే అమ్మా" అన్నారు.