ఎండుటాకుల సేకరణ: ఈ సీజన్ ఇంతవరకు

మా పెరట్లో మడులు ఎక్కువ, చెట్లు తక్కువ. అందుకే మల్చింగుకీ (మొక్కల చుట్టూ నేల మీద ఆకు పరచడానికీ) కంపోస్టుకీ కావాల్సిన ఆకులన్నీ ఈసారి బయటి నుంచే తెస్తున్నాను. దొరుకుతాయో లేదోనన్న టెన్షన్ మొదటి వారాల్లోనే పోయింది. పెద్ద చెట్టున్న ఇంటివాళ్లకి రాలిన ఆకు చెత్తే, తీసుకెళ్తామంటే గేటు తీసి మరీ పిలుస్తారు. కష్టమంతా శుభ్రమైన ఆకు దొరకడంలోనే ఉంది. అందుకే ఏ చెట్టు ఆకు అన్నదానికన్నా అది ఏ నేల మీద పడిందన్నదే ముందు చూస్తున్నాను.

రోడ్డు పక్క ఆకులు పూర్తిగా మానేశాను. చాక్లెట్ కవర్లు, సిగరెట్ పీకలు, గాజు పెంకులు ఏరడానికే ఊడ్చినదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది. పైగా బండ్లు తిరిగే చోట దుమ్ములో టైర్ల పొడి, సీసం లాంటి లోహాలు ఉంటాయి. కూరగాయల మడిలో వాటికి చోటు లేదు. ఇళ్ల ఆవరణలు, ఆటస్థలాలు, పార్కులు నయం. అక్కడ కూడా కలుపు మందు కొట్టారేమో అడిగాకే సంచి తెరుస్తాను.

బాగా పనిచేసిన పద్ధతి ఒకటుంది. ఊడ్చేవాళ్లతో ముందే మాట్లాడి, ఖాళీ సంచులు ఇచ్చి రావడం. ఆకు తడి చెత్తలో కలవకముందే, ఎవరూ నిప్పు పెట్టకముందే సంచిలోకి చేరుతుంది. వాళ్లకీ కుప్ప మోసే పని తప్పుతుంది. వాన పడిన మర్నాడు మాత్రం వెళ్లను. తడి ఆకు బరువు, సంచిలో మగ్గి వాసన కొడుతుంది. పాత కుప్ప అయితే చేతికి గ్లవుజులు వేసుకుని, ముందు కర్రతో కదిపి చూడాలి. తేళ్లు, పాములు దాక్కునేది అలాంటి చోటే.

సంచుల గురించి ఒక మాట. ప్లాస్టిక్ నేత సంచులను ఎండలో వదిలితే కొన్ని నెలలకే పోగులు పోగులుగా రాలి ఆకులో కలిసిపోతాయి. నీడలో పెట్టాలి, లేదా గోనె సంచులు వాడాలి.

తెచ్చినవాటిని రకాన్ని బట్టి విడదీస్తున్నాను. వేప, చింత ఆకులు చిన్నవి, ముక్కలు చేయక్కర్లేదు, త్వరగా చివుకుతాయి. మామిడి, పనస, మర్రి ఆకులు దళసరి, మైనం పూత ఉన్నవి. అలాగే పరిస్తే ఒకదానికొకటి అతుక్కుని చాపలా తయారవుతాయి, నీళ్లు కిందికి దిగవు. వీటిని గడ్డి కోసే మెషీన్ కింద వేసి నలగ్గొడుతున్నాను. అది లేకపోయినా బాగా ఎండిన ఆకు సంచిలో వేసి తొక్కితే చాలావరకు పొడి అవుతుంది, చోటూ కలిసొస్తుంది. జామాయిల్ ఆకుల్లోని నూనెలు విత్తనాల మొలకను దెబ్బతీస్తాయి కాబట్టి వాటిని నడిచే దారుల మీదే పోస్తున్నాను. గానుగ, గ్లిరిసిడియా ఆకులు దొరికితే పండగే. పప్పుజాతి చెట్లు కాబట్టి వాటిలో నత్రజని మిగతావాటికన్నా ఎక్కువ.

మామూలుగా ఎండుటాకుల్లో నత్రజని తక్కువే. ఎందుకంటే ఆకును రాల్చే ముందు చెట్టు అందులోని నత్రజని, భాస్వరంలో పెద్ద భాగాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. కాల్షియం మాత్రం ఆకులోనే ఉండిపోతుంది. ఎండుటాకుల్లో కార్బన్, నత్రజని నిష్పత్తి సాధారణంగా 40:1 నుంచి 80:1 వరకు ఉంటే, కంపోస్టు చురుగ్గా సాగడానికి 25 నుంచి 30:1 కావాలి. ఆ నత్రజని లోటు పూడ్చడానికి నేను రెండు మూడు తట్టల ఆకుకి ఒక తట్ట పచ్చి గడ్డి లేదా వంటింటి పచ్చి వ్యర్థాలు కలుపుతున్నాను. ఎండుటాకు పైన పోసిన నీటిని జార్చేస్తుంది కాబట్టి పొర పొరకీ తడపాలి. పిడికిట పిండితే చుక్కో రెండు చుక్కలో రాలాలి, ధార కారకూడదు. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరు ఉంటే వేడి నిలుస్తుంది. లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా ఎక్కింది. అది తగ్గగానే తిరగేస్తున్నాను.

పచ్చి వ్యర్థాలు సరిపోని ఆకునంతా లీఫ్ మోల్డుకి, అంటే ఆకు ఒక్కటే నెమ్మదిగా చివికి తయారయ్యే మెత్తటి ఎరువుకి, వదిలేశాను. వల చుట్టి, ఆకు నింపి, తడి ఆరకుండా చూడడమే పని. ఇక్కడ పని బూజుజాతి శిలీంద్రాలది కాబట్టి వేడెక్కదు. చల్లటి వాతావరణంలో ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది, వెచ్చగా, తేమగా ఉంటే ఇంకా ముందే అవుతుంది. ఎరువుగా దీని బలం తక్కువే, కానీ నీటిని పట్టి ఉంచడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కుండీల మట్టిలో కలపడానికి దీన్నే ఎంచుకుంటాను.

మల్చింగ్ ఇప్పటికి పెద్ద మొక్కల మడుల్లోనే అయింది. ముందు నేల తడిపి, నలిగిన ఆకును 2 నుంచి 4 అంగుళాల మందంలో పరిచి, కాండం చుట్టూ జానెడులో సగం ఖాళీ వదిలాను. గాలికి ఎగరకుండా పైన కాస్త కంపోస్టు చల్లి తడిపితే సరిపోయింది. ఆకు మట్టిలోని నత్రజనిని తినేస్తుందన్న భయం పైన పరిచినప్పుడు పెద్దగా అక్కర్లేదు. మట్టిలో కలిపి తవ్వినప్పుడే ఆ సమస్య.

నారు మడులు మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మొలకలు బెత్తెడు ఎత్తయ్యాక వేప, చింత ఆకులు పలచగా చల్లాలి. అందుకని ఆ సంచులు విడిగా కట్టి షెడ్డులో పెట్టాను.